కురహరగారి కొండ ఇల్లు

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఉండే నా స్నేహితురాలి కూతురు హరిణి ఈ ఏడాదే ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. రంజాన్ పండగ నాడు వాళ్ళ కుటుంబం పాయింట్ కుక్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చింది. అందరూ ముందు గదిలో కూర్చుంటే ఆ అమ్మాయి మాత్రం వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆంటీ, మీరు ఆ జాపనీస్ ఆర్కిటెక్ట్ దగ్గర వర్క్ చేశారంట కదా, కురహర? యూనిలో మాకు ఆయన హౌస్ చూపించారు. సో బ్యూటిఫుల్!"

"ఏ ఇల్లు చూపించారమ్మా?"

"ఫారెస్ట్‌లో ఉంటుందే, అది. పెద్ద పెద్ద గమ్ ట్రీస్, వాటి మధ్యలోకి డెక్... అది చూసే నాకు ఈ ఫీల్డ్ మీద ఇంట్రెస్ట్ వచ్చింది."

"ఆ ఇల్లు ఇప్పుడు లేదు. చెప్పలేదా మీ మాస్టార్లు?"

"లేదా? వై, ఏమైంది?"

"కాలిపోయింది. ఇంటాయన అందులోనే చనిపోయాడు."

హరిణి చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టేసింది. "ఇవన్నీ రాయండి ఆంటీ. ఆఫీసులో ఎవరూ చెప్పరు. తెలుగు చదవడం నాకు స్లో, బట్ మమ్మీ చదివి వినిపిస్తుంది," అంది.

అందుకని రాస్తున్నాను. నా పేరు రజియా. ఆదోనిలో పుట్టాను, హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివాను, పెళ్ళయ్యాక మెల్‌బోర్న్ వచ్చాను. లైసెన్సు ఎలా వచ్చింది, హోదా ఎలా పెరిగింది అన్నవి వదిలేస్తున్నాను. అవి తెలుసుకోవడానికి నేను అక్కర్లేదు. నా ఉద్యోగ జీవితంలో నన్ను తయారు చేసిన మనిషి ఒక్కరే. ఆయన ఆఫీసును ముంచిందీ ఆయనే. ఆ సంగతే చెబుతాను.

మొదటి పని

తొషియో కురహర జపాన్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పుట్టారు. టోక్యోలో ఒక పెద్ద కంపెనీలో రైల్వే స్టేషన్లు గీసి గీసి విసిగిపోయారు. ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని, యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. నేను చేరేనాటికి భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆయన కట్టినవి తక్కువ. పడమటి శివారులో ఒక లైబ్రరీ, ఊరికి దూరంగా ఒక పొలాల పట్టణంలో అంత్యక్రియల మందిరం, కొన్ని ఇళ్ళు. కాని పేరు మాత్రం పెద్దది. ఆయన భవనాలను చూడడానికి వేరే దేశాల నుంచి కూడా విద్యార్థులు వచ్చేవాళ్ళు.

ఆఫీసులో అందరూ ఆయనను 'తోషీ' అని పిలిచేవాళ్ళు. నాకు నోరు రాలేదు. "కురహరగారూ" అనేదాన్ని. 'గారు' అంటే ఏమిటని అడిగి, చెప్పాక, "అయితే నేనూ మిమ్మల్ని రజియాగారు అంటాను," అన్నారు. చివరిదాకా అలాగే పిలిచారు.

నేను చేరిన వారంలో ఆయన చేతిలో అంత్యక్రియల మందిరం పని ఉంది. నాకు బల్ల చూపిస్తారనుకున్నాను. ఆయన నన్ను ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు బయట కూర్చోమని పంపారు.

"అక్కడ ఏం గీయాలి?" అని అడిగాను.

"ఏమీ గీయొద్దు. పెన్సిల్ తీసుకెళ్ళకండి. చెడ్డ వార్త విన్న మనిషి ఎటు నడుస్తాడో చూసి రండి."

నాకు కోపం వచ్చింది. పరాయివాళ్ళ ఏడుపు చూడడానికా ఇంత చదివింది అనుకున్నాను. అయినా వెళ్ళాను. ఒక నడివయసు ఆవిడతో డాక్టరు ఏదో మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. చుట్టూ ఖాళీ కుర్చీలున్నాయి. ఆమె కూర్చోలేదు. కూల్‌డ్రింకుల మెషీనుకూ గోడకూ మధ్య సందులోకి నడిచి వెళ్ళి, గోడకు నుదురు ఆనించి నిలబడింది. ఇంకో రోజు ఒక కుర్రాడు కూడా సరిగ్గా ఆ సందులోకే వెళ్ళాడు.

తిరిగొచ్చి చెప్పాను. కురహరగారు తలూపి, మందిరం గోడలో ఒక మనిషి పట్టేంత గూడు గీశారు. అందులో మోకాలి ఎత్తున చిన్న కిటికీ. దాంట్లోంచి గడ్డి తప్ప ఇంకేమీ కనబడదు. కట్టేవాళ్ళు అది దేనికని చాలాసార్లు అడిగారు. మందిరం తెరిచాక నేను ఒక అంత్యక్రియకు వెళ్ళాను. చనిపోయింది పాతికేళ్ళు కూడా నిండని అబ్బాయి. వాళ్ళ నాన్న ప్రార్థన జరిగినంతసేపూ ఆ గూట్లోనే నిలబడ్డాడు. ఎవరూ ఆయనను బయటికి రమ్మనలేదు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న వాటిలో దానికంటే పెద్దది లేదు. అది నేర్పిన మనిషి గురించే ఇప్పుడు కఠినంగా రాయబోతున్నాను కాబట్టి, ముందు ఇది చెప్పాను.

సన్నని అంచు

కురహరగారికి ఒక బలహీనత ఉండేది. కప్పు అంచు సన్నగా కనబడాలి. రోడ్డు మీద నుంచి చూస్తే కాగితం పరిచినట్టుండాలి. వాననీరు పోయే గటర్ బయటికి కనబడితే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. అందుకని లైబ్రరీకి ఆ గటర్‌ను కప్పు లోపల దాచారు.

మా ఆఫీసులో గ్రెగ్ అని డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. మెల్‌బోర్న్ వాడే, నాకంటే పెద్దవాడు, మొహమాటం లేని మనిషి. "ఆకులు పడతాయి, వడగళ్ళు పడతాయి, అది పూడుకుపోతుంది తోషీ. నీళ్ళు లోపలికే వస్తాయి," అని ముందే చెప్పాడు. నేనూ చెప్పాను. కురహరగారు విన్నారు. వినడం ఆయనకు బాగా వచ్చు. విని, తను అనుకున్నదే చేశారు.

ఒక వసంతకాలం వడగళ్ళ వాన పడింది. గటర్ పూడుకుని నీళ్ళన్నీ పిల్లల పుస్తకాల మీద పడ్డాయి. లైబ్రేరియన్ ఫోన్లో అరుస్తోంది. మేం వెళ్ళేసరికి నేలంతా మడుగు. కురహరగారు కోటు విప్పి, గుడ్డ అడిగి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని సాయంత్రం దాకా నేల తుడిచారు. అంత పెద్దాయన అలా తుడుస్తుంటే లైబ్రేరియన్ కోపం కరిగిపోయింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత వినయం అనుకున్నాను.

ఇప్పుడు అలా అనుకోను. నేల తుడవడం ఆయనకు తేలిక. అంచును మందంగా చేయడమే ఆయనకు కష్టం. ఆ తర్వాత గటర్ వెడల్పు పెంచారు గాని, అంచు మాత్రం సన్నగానే ఉంచారు. మన పై అధికారుల్లో ఇలాంటి మంచితనం కనబడినప్పుడు నమస్కారం పెట్టొచ్చు. దాన్ని చూసి వాళ్ళు చేసిన తప్పును మరిచిపోకూడదు.

రెండు చెట్లు

పీటర్, ఎలెన్ అనే దంపతులు మా దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరూ అప్పుడే రిటైరయ్యారు. ఆయన బడిలో సంగీతం చెప్పేవాడు. ఆవిడ నర్సు. నగరానికి తూర్పున కొండల్లో స్థలం కొన్నారు. ఏటవాలు నేల, కింద వాగు, మధ్యలో రెండు మహావృక్షాలు. గమ్ చెట్లు, మన నీలగిరి చెట్ల జాతివి. ఒక్కో మాను చుట్టూ ముగ్గురు మనుషులు చేతులు పట్టుకున్నా అందదు.

మా ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజే ఎలెన్ అంది, "ఆ రెండూ కొట్టేయండి."

పీటర్ నవ్వాడు. "అదేమిటి ఎలెన్? ఆ చెట్ల కోసమే కదా ఆ స్థలం కొన్నాం."

"వాటి కోసం కొన్నది నువ్వు. మా అమ్మ ఊరికి దగ్గరని నేను ఒప్పుకున్నాను." ఆవిడ కురహరగారి వైపు తిరిగింది. "నేను ఆ కొండల్లోనే పెరిగాను. చిన్నప్పుడు ఒకసారి మంటలొస్తే మా అమ్మ నన్ను వాగులో పడుకోబెట్టి మీద తడి దుప్పటి కప్పింది. చెట్లు పేలిపోయే చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. నిప్పు రాకపోయినా ఈ చెట్లు కొమ్మలు విరిచి పడేస్తాయి. ఇంటి మీద అవి వద్దు."

కురహరగారు మర్యాదగా నవ్వారు. "మంచి ఇల్లు చెట్టును భయపెట్టదు. చెట్టూ మంచి ఇంటిని భయపెట్టదు," అన్నారు.

పీటర్ మురిసిపోయాడు. ఎలెన్ ఇంకేమీ మాట్లాడలేదు. ఆ మాట వినడానికి బాగుంది. అర్థం మాత్రం లేదు. ఇలాంటి మాటలతో క్లయింట్ల నోరు మూయించడం మా వృత్తిలో పెద్ద రోగం. అందంగా మాట్లాడేవాళ్ళకే ఆ రోగం ఎక్కువ.

నిప్పు సంగతి చూసే కన్సల్టెంట్ కూడా చెట్లు తీసేస్తే మంచిదన్నాడు. కాని అప్పటి నియమాల ప్రకారం తీసి తీరాలని లేదు. నీళ్ళ ట్యాంకు, జాలీలు, కిటికీలకు ఇనుప షట్టర్లు ఉంటే చాలు. షట్టర్లు వద్దని కురహరగారు, ఉండాలని నేను చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి ఆయన ఒప్పుకున్నారు. చెట్ల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. పైగా గీసిన ప్రతిసారీ ఇంటిని చెట్లకు ఇంకొంచెం దగ్గరగా జరిపారు. ఇల్లు పూర్తయ్యేసరికి డెక్ మీద, అంటే బయటి చెక్క అరుగు మీద, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే బెరడు తగిలేది.

ఇల్లు అద్భుతంగా వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? పొద్దున పొగమంచులో ఆ డెక్ మీద నిలబడితే ఇంట్లో ఉన్నామో అడవిలో ఉన్నామో తెలిసేది కాదు. పత్రికలవాళ్ళు వరుసగా వచ్చి ఫోటోలు తీసుకున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ టీ ఇచ్చింది ఎలెనే. ఫోటోల్లో మాత్రం ఎప్పుడూ నిలబడలేదు.

షట్టర్లు

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత ఒక ఎండాకాలం, చాలా రోజులు వాన లేక, ఎడారి మీదుగా వచ్చే ఉత్తరపు గాలి కొలిమిలా వీచిన రోజు కొండలు అంటుకున్నాయి.

ఎలెన్ ఆ రోజు ఊళ్ళో లేదు. ఆపరేషన్ అయిన చెల్లెలి దగ్గర ఉండడానికి నగరానికి వచ్చింది. అలాంటి రోజుల్లో పొద్దున్నే ఇల్లు వదిలి వెళ్ళిపోవాలని దంపతులిద్దరూ అనుకున్న మాటే. పీటర్ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఎవరికీ తెలియదు. ఇంటి మీద నమ్మకమేనని నేననుకుంటాను. మధ్యాహ్నం భార్యకు ఫోన్ చేశాడు. ఆ మాటలు తర్వాత ఎలెనే కోర్టులో చెప్పింది.

"షట్టర్లన్నీ మూసేశాను. ఇల్లు గట్టిగా ఉంది."

"కారెక్కు పీటర్. ఇప్పుడే బయల్దేరు."

"రోడ్డు కనబడడం లేదు. పొగ. లోపలే ఉండడం నయం."

అంతే. తర్వాత లైను కలవలేదు.

రోడ్డు తెరిచాక కురహరగారు, నేను వెళ్ళాం. దారి పొడుగునా నల్లటి కంబాల్లా మిగిలిన చెట్లు, బూడిద. ఇల్లున్న చోట మాకు ముందుగా కనబడినవి షట్టర్లు. అన్నీ మూసే ఉన్నాయి. ఇనుప చట్రాల్లో బిగించినవి బిగించినట్టే నిలబడి ఉన్నాయి. వాటి వెనక ఇల్లు లేదు. రెండు చెట్లలో ఒకదాని పెద్ద కొమ్మ విరిగి కప్పు మీద పడింది. ఆ కన్నంలోంచి నిప్పురవ్వలు లోపలికి దిగాయి. తర్వాత విచారణలో నిపుణులు తేల్చింది కూడా అదే. కప్పు పగలకపోయి ఉంటే ఆ ఇల్లు నిలిచి ఉండేదని కూడా వాళ్ళు అన్నారు.

కురహరగారు విరిగిన చెట్టు దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు అక్కడే ఉన్నారు. నేను పిలవలేదు. తర్వాత కారులో నగరానికి తిరిగొచ్చాం. దిగేటప్పుడు ఆయన, "షట్టర్లు మీరు అడిగినవి," అన్నారు. అది మెచ్చుకోలు కాదు. వాటిని నమ్ముకునే పీటర్ లోపల ఉండిపోయాడని అన్నట్టు అనిపించింది.

కోర్టులో

ఇక్కడ ఇలాంటి చావు మీద విచారణ జరపడానికి కరోనర్ అని ఒక న్యాయాధికారి ఉంటారు. నేరం మోపడం ఆ కోర్టు పని కాదు. ఏం జరిగిందో తేల్చడమే పని. అయినా అక్కడ నోరు జారితే తర్వాత వేరే కోర్టుల్లో అది మెడకు చుట్టుకుంటుంది. మా ఆఫీసుకు పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ ఒక లాయరును పెట్టింది. ఆయన మా ఆఫీసుకు వచ్చి కురహరగారిని కూర్చోబెట్టి చెప్పాడు.

"అడిగినదానికే జవాబు చెప్పండి. కౌన్సిల్ అనుమతి ఉంది, నియమాలు పాటించారు. అది చాలు. సారీ అనొద్దు. తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క మాట అన్నా మీ పాలసీ చెల్లదు. పాలసీ లేకపోతే మీ లైసెన్సు ఉండదు. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నారు కురహరగారు.

నేను, గ్రెగ్ ఆ గదిలోనే ఉన్నాం. ఆయనకు అర్థమైందన్న నమ్మకంతోనే కోర్టుకు వెళ్ళాం.

బోనులో నిలబడిన ఆయనను కరోనర్ తరఫు న్యాయవాది అడిగింది. "ఆ చెట్లు ఉంచాలని క్లయింట్లు కోరారా?"

"ఒక క్లయింట్ ఉంచమన్నారు. ఇంకొకరు కొట్టేయమన్నారు. ఎవరి మాట వినాలో నేను ఎంచుకున్నాను."

మా లాయరు లేచి ఏదో అనబోయాడు. కరోనర్ కూర్చోమన్నారు.

"ఎందుకు అలా ఎంచుకున్నారు?"

 కురహరగారి ఇంగ్లిషు ఎప్పుడూ నెమ్మదే. "ఆ చెట్లు లేకపోతే అది మామూలు ఇల్లు. నాకు మామూలు ఇల్లు అక్కర్లేదు. ఎలెన్‌గారు చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆవిడ ఆ అడవిలో పెరిగారు, నేను పెరగలేదు. అయినా ఆవిడ చెబుతున్నప్పుడు నేను నవ్వాను. ఆ కొమ్మ పడిన చోటికి ఇంటిని జరిపింది నేనే."

తర్వాత ఆయన ఎలెన్ వైపు తిరిగి నడుము వంచి తల దించారు. అలాగే ఉండిపోయారు.  కరోనరే చివరికి, "కురహరగారూ, దయచేసి కూర్చోండి," అన్నారు.

బయట వరండాలో ఎలెన్ ఆయనకు ఎదురుపడింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన మళ్ళీ తల వంచబోయారు.

"నాకు దణ్ణాలు పెట్టకండి," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నేను మీ ఆఫీసులో బల్ల ముందు కూర్చుని చెప్పాను. అప్పుడు వినాల్సింది. ఇప్పుడు మీరు నిజం చెప్పి తేలికపడ్డారు. నాకు ఏం మారింది?"

  ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గ్రెగ్ అన్న మాట

లాయరు చెప్పినట్టే అయింది. పాలసీ పోయింది, దాంతో లైసెన్సూ పోయింది. ఆఫీసు మూతపడింది. అందులో పనిచేస్తున్న మేమంతా రోడ్డున పడ్డాం. చివరి రోజు నమూనా బొమ్మలు పెట్టెల్లో సర్దుతుంటే గ్రెగ్ చేతిలోది విసిరికొట్టాడు. అది లైబ్రరీ నమూనా.

"ఆయన మనస్సాక్షి కడుక్కున్నాడు రజియా. మన ఉద్యోగాల నీళ్ళతో కడుక్కున్నాడు. నాకు ఈ వయసులో ఎవడిస్తాడు పని?"

"అబద్ధం చెప్పమంటావా కోర్టులో?"

"అబద్ధం ఎవడు చెప్పమన్నాడు? అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోమన్నారు. ఆయనకు అది చాల్లేదు. ఇల్లు కట్టినా ఆయనకు అందంగా ఉండాలి. తప్పు ఒప్పుకున్నా అందంగా ఉండాలి."

గ్రెగ్‌కు ఆ తర్వాత మా వృత్తిలో పని దొరకలేదు. కొన్నాళ్ళు గోడౌన్‌లో పనిచేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

చాలామంది నన్ను అడుగుతారు, కురహరగారు చేసింది సరైన పనేనా అని. నిజం చెప్పడం సరైనదే. ఒక మనిషి చనిపోయిన చోట నియమాల వెనక దాక్కోకపోవడం గొప్పదే. కాని గ్రెగ్ అన్నదీ నిజమే. మాలో ఒక్కరితోనైనా ముందు ఒక మాట అని ఉండాల్సింది. ఆయన దేనికీ ఎవరినీ అడగలేదు, నవ్వేటప్పుడూ అడగలేదు, తల వంచేటప్పుడూ అడగలేదు. ఈ రెండు మాటలనూ కలిపి ఒక తీర్పు చెప్పడం ఇన్నేళ్ళయినా నాకు చేతకాలేదు.

చూరు లేని ఇళ్ళు

నాకు శివార్లలో వరసగా ఇళ్ళు కట్టి అమ్మే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. పాయింట్ కుక్, క్రెయిగీబర్న్ వైపు కొన్నవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. తెలుగు వచ్చని నన్ను వాళ్ళ ముందు కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడ అందం అనే మాటే వినబడేది కాదు. ఎండ ఆపే చూరును కూడా తీసేసి ఇల్లు పెద్దది చేసేవాళ్ళం.

ఒకసారి వరంగల్ నుంచి వచ్చిన ఒకతను, "ఆంటీ, సెకండ్ కిచెన్ పెద్దగ గావాలె. పూజ రూమ్ ఈస్ట్ ఫేసింగ్ ఉండాలె. ఆ చూరు గీరు తీసెయ్యిండ్రి, స్పేస్ వేస్టు," అన్నాడు.

"పడమటెండ నేరుగా పిల్లల గదిలోకి కొడుతుంది బాబూ."

"ఏసీ ఉంటది కదాంటీ."

నేను కురహరగారిలా నవ్వి నా ఇష్టం గీయలేదు. అలాగని వదిలేయనూ లేదు. పిల్లల గది మీద మాత్రం చూరు ఉండాలని మూడుసార్లు చెప్పి, అతని భార్యతో కూడా చెప్పి ఒప్పించాను. మేనేజరు విసుక్కున్నాడు. ఆ కంపెనీలో నేను సాధించినవి అలాంటివే. ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న మీలో ఎక్కువమంది చేయబోయేదీ అదే పని. దాన్ని తక్కువగా చూడకండి.

ఎలెన్ రెండో ఇల్లు

ఒకరోజు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఎలెన్. ఆ స్థలంలోనే క్యారవాన్, అంటే చక్రాల ఇల్లు, పెట్టుకుని ఉంటున్నానని చెప్పింది. మిగిలిన రెండో చెట్టు మాను నిండా మళ్ళీ పచ్చటి చిగుళ్ళు వేస్తే, దాన్ని మొదలుకంటా కొట్టించేసిందట.

"నాకు ఒక చిన్న ఇల్లు గీసి పెట్టు. సిమెంటు దిమ్మలతో. కలప వద్దు. దగ్గర్లో చెట్టు వద్దు. షట్టర్లు కావాలని ఆయనతో వాదించింది నువ్వని పీటర్ చెప్పేవాడు, అందుకే నిన్ను అడుగుతున్నాను. ఒక్కటే షరతు. ఆయన ఇందులో ఒక్క గీత కూడా గీయకూడదు."

ఒప్పుకున్నాను. కంపెనీ పనయ్యాక శనాదివారాలు గీశాను. నిప్పురవ్వ దూరకుండా కిటికీలు చిన్నవి పెట్టి, నేలకు బాగా ఎత్తులో ఉంచాను.

కురహరగారు అప్పటికి ఉత్తరపు శివారులో ఒక అద్దె గదిలో ఒంటరిగా ఉండేవారు. నెలకోసారి వెళ్ళి చూసేదాన్ని. బాగా చిక్కిపోయారు. ఎలెన్ ఇల్లు కడుతున్నానని దాచకుండా చెప్పాను. షరతూ చెప్పాను. ఆయన తల దించుకుని విన్నారు.

"తలుపు ఏ వైపు పెట్టారు?" అని మాత్రం అడిగారు.

నేను తల అడ్డంగా ఊపాను. ఆయనకు అర్థమైంది. లేచి టీ పెట్టారు. కప్పు అందిస్తూ, "ఒక్కసారి చూడొచ్చా?" అన్నారు.

ఎలెన్‌ను అడిగాను. "నా గేటు లోపలికి రావద్దు. రోడ్డు నాది కాదు, ఎవరైనా నిలబడొచ్చు," అంది.

ఆయన రైలెక్కి, బస్సెక్కి, మిగిలిన దారి నడిచి వచ్చారు. గోడలు లేచి, కప్పు పడి, లోపలి పని జరుగుతోంది. నేను మేస్త్రీతో మాట్లాడుతూ రోడ్డు మీద ఆయనను చూశాను. ఎండలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఎలెన్ లోపల వంటగట్టు దగ్గర ఉంది. ఆవిడా చూసింది. ఎవరూ పిలవలేదు. ఆయనా గేటు దగ్గరికి రాలేదు.

పని ఆగాక ఆయనను కారులో స్టేషనుకు తీసుకెళ్ళాను. సగం దారిలో ఆయన నెమ్మదిగా అన్నారు.

"వంటగట్టు మీది కిటికీ ఎత్తు ఎక్కువైంది. రోడ్డు మీద నుంచి చూస్తే ఆవిడ నుదురు మాత్రమే కనబడింది. అంటే లోపలి నుంచి ఆవిడకు రోడ్డు కనబడదు. పొగ ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఆ ఇంట్లో ఆవిడ చేసే పని ఒక్కటే రజియాగారూ, చూడడం."

మరుసటి శనివారం నేను వంటగట్టు ముందు మోకాళ్ళు కొంచెం వంచి, ఎలెన్ ఎత్తుకు తగ్గి చూశాను. ఆయన అన్నది నిజం. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. నిప్పు లోపలికి రాకూడదన్న ఆలోచనలో నేను మనిషి సంగతి మరిచాను. దిమ్మలు ఒక వరస తీసి షట్టరు కిందికి దించితే సరిపోతుంది.

చెప్పకుండా దించేయొచ్చు. నాకే తట్టిందని చెప్పి దించొచ్చు. నేను ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకరిని అడగకుండా వాళ్ళ ఇంటి సంగతి మనమే తేల్చేయడం ఎక్కడికి తీసుకెళ్తుందో అప్పటికే చూసి ఉన్నాను.

ఎలెన్ కిటికీ వంక చూసింది. మునివేళ్ళ మీద లేచి చూసింది. మళ్ళీ కిందికి దిగింది.

"ఇది ఆయన చెప్పాడు. కదా?"

"అవును. కాని ఆయన చెప్పింది కరెక్టు ఎలెన్. నేను కొలిచి చూశాను."

"కరెక్టే. నాకూ కనబడుతోంది." ఆవిడ చేతులు తుడుచుకుంది. "అలాగే ఉండనీ. దించొద్దు."

"ఇది మీ భద్రత సంగతి."

"ఆయన మాట విని కట్టిన ఇల్లు ఒకటి చాలు నాకు."

ఆ రోజు బతిమాలాను, వాదించాను, కోప్పడ్డాను కూడా. ఆవిడ వినలేదు. క్లయింట్ మాట వినడం అంటే ఏమిటో కురహరగారి ఆఫీసులో ఎవరూ నేర్పలేదు. ఎలెన్ నేర్పింది. అది అందమైన పాఠం కాదు. ఒకోసారి మనుషులు తమ గాయాన్ని బట్టి తమకు చెరుపు చేసే దాన్నే కోరుకుంటారు. ఇల్లు ఆవిడది. నేను గీసినట్టే పూర్తి చేశాను.

కురహరగారు ఆ చలికాలంలో నిమోనియాతో పోయారు. ఆయన కట్టిన మందిరానికి తీసుకెళ్దామంటే దూరం ఎక్కువని, ఇక్కడే ఒక మామూలు హాలులో పని కానిచ్చాం. పాత విద్యార్థులు కొందరు వచ్చారు. గ్రెగ్ వచ్చి వెనక వరసలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఎలెన్‌కు ఫోన్ చేసి చెప్పాను.  "చెప్పినందుకు థాంక్స్," అని పెట్టేసింది.

ఈ వేసవిలో కూడా వెళ్ళొచ్చాను. ఎలెన్‌కు ఇప్పుడు ఎనభై దాటింది. రేడియోలో ఆ రోజు నిప్పు హెచ్చరిక ఉంది. ఉత్తరపు గాలి వీస్తోంది. ఆవిడ పాల డబ్బాల ప్లాస్టిక్ పెట్టె ఒకటి వంటగట్టు ముందు బోర్లా వేసి, దాని మీదికెక్కి, గోడ పట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. కింద పెట్టె ఊగుతోంది.

"ఎలెన్, ఒక్క రోజు పని. దించేస్తాను," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"నువ్వు ఆ పెట్టె కదలకుండా పట్టుకో," అంది.

పట్టుకున్నాను.